పాత తుర్క్‌మెన్ తివాచీ కొంటున్నారా? ముందు వెనక్కి తిప్పండి

ఎర్రటి తివాచీ, దాని మీద వరసలుగా అష్టకోణాలు, 'బుఖారా' అని పేరు, 'వందేళ్ల నాటిది సార్' అని మాట. షార్జా బజారులో చూసినవాళ్లూ, ఢిల్లీ షాపులో చూసినవాళ్లూ, అమెరికాలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తుంటే చూసినవాళ్లూ అడిగేది ఒక్కటే: ఇది నిజంగా పాతదేనా, అంత పెట్టి కొనొచ్చా? అమ్మేవాడు చెప్పే కథతో ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. తివాచీ వెనక వైపు, ఉన్ని, రంగు ఈ మూడింటిలోనే దొరుకుతుంది. ఆ మూడూ చూడటానికి పండితులు కానక్కర్లేదు. అరగంట తీరిక, కొంచెం మొహమాటం లేకపోవడం చాలు.

బుఖారా ఈ తివాచీలు అమ్ముడుపోయిన ఊరు. నేసినవాళ్లు తుర్క్‌మెన్ తెగల ఆడవాళ్లు. ఇప్పటి తుర్క్‌మెనిస్తాన్, ఉత్తర అఫ్ఘానిస్తాన్, ఈశాన్య ఇరాన్, ఉజ్బెకిస్తాన్‌లో కొంత భాగం వాళ్ల నేల. ఇవాళ 'బుఖారా' పేరుతో షాపుల్లో కనిపించేవాటిలో చాలా భాగం ఇరవయ్యో శతాబ్దం నడిమి నుంచి పాకిస్తాన్‌లో ఆ డిజైన్ చూసి నేసినవి. చెడ్డవని కాదు, మెత్తగా బాగానే ఉంటాయి. పాత తుర్క్‌మెన్ ధర మాత్రం వాటికి పెట్టకూడదు.

వెంట ఉండాల్సినవి

- కొలత టేపు, చిన్న స్కేలు
- తెల్లటి నూలు గుడ్డ ముక్కలు రెండు, సీసాలో కొంచెం నీళ్లు, నాలుగు ఇయర్ బడ్స్
- పది రెట్లు చూపే భూతద్దం (ఫోన్ మాక్రో కెమెరా అయినా పర్వాలేదు)
- టార్చి
- ఒక తెల్ల కాగితం
- పట్టకారు, లైటర్
- మీ గది కొలతలు, సోఫా కాళ్ల మధ్య దూరంతో సహా

ఇంకొకటి: పగటి వెలుతురు. షాపు పసుపు లైట్ల కింద ఏ ఎరుపైనా పండు మిరపకాయలా మెరుస్తుంది. తివాచీని గుమ్మం దాకా తెచ్చి చూపించమనండి. ఒప్పుకోకపోతే బయటికి వచ్చేయండి.

1. నేల మీదకా, గోడకా? ముందు తేల్చుకోండి

ఎక్కువమంది ఈ అడుగు దాటేసి, తర్వాత బాధపడతారు. 1900కు ముందు నేసినది, రంగులు బాగున్నది, పైల్ (ముడులు వేసి పైకి నిలబెట్టిన ఉన్ని) అరిగినది దొరికిందనుకోండి. దాన్ని హాలు మధ్యలో వేసి రోజూ పదిమంది తిరిగితే కొన్నేళ్లలో పడుగు (నేత నిలువు పోగులు) బయటపడుతుంది. నేలకైతే 1930 నుంచి 1970 మధ్యవి చూడండి. ముఖ్యంగా అఫ్ఘానిస్తాన్‌లో ఎర్సారీ తెగవాళ్లు నేసిన బరువైన తివాచీలు గట్టిగా ఉంటాయి, ధర కూడా అందుబాటులో ఉంటుంది. నిజంగా పాతది కావాలంటే చిన్నది తీసుకుని గోడకు కట్టండి.

చిన్నవాటి కొలతలు గుర్తుంటే పేరు మార్చి అమ్మినప్పుడు పట్టుకోవచ్చు. డేరాలో సామాన్లు పెట్టుకునే పెద్ద సంచి ముఖం చువాల్: సుమారు 120 × 75 సెం.మీ. తోర్బా అంతే వెడల్పు ఉండి, ఎత్తు 40 సెం.మీ. దగ్గర. పెళ్లి ఊరేగింపులో ఒంటె పక్కలకు వేలాడదీసే ఐదు మూలల అస్మాలిక్ కూడా 120 × 75 లోపే. డేరా గుమ్మానికి కట్టే ఎన్సీ సుమారు 150 × 125; నాలుగు గళ్లుగా విడిపోయిన డిజైన్ దాని గుర్తు. ఎన్సీని 'నమాజు తివాచీ' అని చెప్పి అమ్మడం మామూలే. పెద్ద తివాచీ అయితే 3 × 2 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అంతకంటే చాలా పెద్ద పాతది కనిపిస్తే, అది ఇంటి అవసరానికి కాక అమ్మకానికి నేసినదై ఉండే అవకాశం ఎక్కువ.

2. ఏ తెగదో ఉజ్జాయింపుగా గుర్తించండి

తివాచీ మీద వరసగా వచ్చే అష్టకోణపు గుర్తును గుల్ అంటారు, తెగను బట్టి అది మారుతుంది. తుర్క్‌మెనిస్తాన్ జెండా మీద ఎడమ పక్క ఎర్ర పట్టీలో ఐదు గుల్‌లు కనిపించేది అందుకే. కొనేవాళ్లకు ఇంతవరకు తెలిస్తే సరిపోతుంది:

- తెకె: కాస్త గుండ్రంగా ఒదిగిన గుల్‌లు, వాటిని కలుపుతూ సన్నటి ముదురు నీలి గీతల వల.
- యోముత్: గోధుమ, ఊదా ఛాయలు ఎక్కువ. గుల్‌లు ఏటవాలు వరసల్లో రంగు మారుతూ వస్తాయి.
- ఎర్సారీ: పెద్ద గుల్‌లు, వెడల్పాటి ముడులు, ఎరుపుతో పాటు పసుపు, ఆకుపచ్చ. పడుగు తరచూ బూడిద రంగులోనో, గోధుమ రంగులోనో ఉంటుంది.
- సాలోర్, సారిక్, చోదోర్: అరుదు. 'సాలోర్' అన్న మాట వినపడగానే ధర పెరుగుతుంది కాబట్టి, బయటి నిపుణుడి మాట లేకుండా ఆ పేరుకు డబ్బు పెట్టకండి.

గుల్ చూసి మాత్రమే తెగను తేల్చకూడదు. డిజైన్‌ను ఎవరైనా కాపీ కొట్టగలరు. నేత పద్ధతిని కాపీ కొట్టడం కష్టం. అందుకే తర్వాతి అడుగు అన్నిటికంటే ముఖ్యం.

3. వెనక్కి తిప్పండి

ఒక మూలను మోకాలి మీద వేసుకుని, వరసగా ఇవి చూడండి.

పడుగు ఏమిటి? చివర కుచ్చులు పడుగు పోగుల కొసలే. పాత తుర్క్‌మెన్ నేతలో పడుగు ఉన్నిది: కొంచెం గరుకుగా, మెలితిరిగి, పాలమీగడ రంగులోనో బూడిద రంగులోనో ఉంటుంది. తెల్లగా, నున్నగా, సమంగా ఉంటే నూలు పడుగు. పాకిస్తాన్ బుఖారాల్లో ఉండేది ఇదే. మన ఏలూరు తివాచీల్లోనూ పడుగు నూలుదే కాబట్టి, మన కంటికి అది అలవాటై అనుమానం రాదు. సందేహముంటే అమ్మేవాణ్ని అడిగి ఊడిపోతున్న పోగు ఒక్కటి పట్టకారుతో పట్టుకుని, తివాచీకి దూరంగా వెళ్లి కాల్చండి. జుట్టు కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయ్యే నల్ల గింజ మిగిలితే ఉన్ని. కాగితం కాలిన వాసన, బూడిద వస్తే నూలు. ఒక మినహాయింపు ఉంది: కొన్ని సారిక్ ముక్కల్లో తెల్ల భాగాలకు పైల్‌లోనే నూలు వాడారు, చోదోర్‌లో పేకకు (అడ్డపోగులకు) నూలు వాడటం ఉంది. పడుగులో మాత్రం ఉన్నే ఉండాలి.

కుచ్చులు నేతలోంచి వచ్చాయా, తర్వాత కుట్టారా? వేలితో మొదలు దాకా తడమండి. కుట్టు తగిలితే రెండు అర్థాలు: మిషన్ తివాచీ, లేదా చివరలు పోయిన పాత తివాచీకి కొత్త కుచ్చు. వెనక అంతా బట్ట అతికించి, కింద రబ్బరు జిగురు ఉంటే అది ముడి వేసిన తివాచీయే కాదు. ఆ బట్ట ఎందుకుందో చెప్పలేనివాడి దగ్గర కొనకండి.

ముడులు లెక్కపెట్టండి. వెనక స్కేలు పెట్టి అడ్డంగా ఒక అంగుళంలో ఎన్ని, నిలువుగా ఎన్ని లెక్కించి గుణించండి. 9 × 14 వస్తే చదరపు అంగుళానికి 126. తెకె పెద్ద తివాచీలు మామూలుగా 100 నుంచి 200 మధ్య ఉంటాయి, సంచి ముఖాలు ఇంకా దట్టంగా ఉండొచ్చు, ఎర్సారీలు 100 లోపే ఎక్కువ. మూడు వేర్వేరు చోట్ల లెక్కించండి. మూడు చోట్లా తేడా ఒక్కటి కూడా లేకుండా అచ్చు గుద్దినట్టు వస్తే మిషన్ నేతేమో అనుమానించాల్సిందే. ముడులు ఎక్కువైతే విలువ ఎక్కువ అన్న లెక్క మాత్రం తుర్క్‌మెన్ తివాచీలకు పనికిరాదు. వదులుగా నేసిన ఎర్సారీ కొన్ని సార్లు దట్టమైన తెకె కంటే ఎక్కువ పలుకుతుంది.

ముడి ఏ రకం? పైల్‌ను పేక వెంబడి మడిచి, ముడి మొదలు చూడండి. రెండు పడుగు పోగులనూ ఒక పట్టీలా కప్పి, ఉన్ని కొసలు ఆ రెంటి మధ్య నుంచి పైకి వస్తే సమముడి: యోముత్, సారిక్‌లలో ఎక్కువగా ఇదే. ఒక పోగునే పూర్తిగా చుట్టి, రెండోదాని వెనక నుంచి జారిపోతే అసమముడి: తెకె, ఎర్సారీ, సాలోర్. డిజైన్ తెకెలా ఉండి సమముడి కనిపిస్తే అమ్మేవాణ్ని ప్రశ్న అడగండి. జవాబు తడబడితే మీకు కావలసింది దొరికినట్టే.

4. రంగు పరీక్ష

పాత ఎరుపు మంజిష్ఠ జాతి వేరుది, నీలం నీలిమందుది. రసాయన రంగు మొదట తయారైంది 1856లో. కాస్పియన్ సముద్రం తూర్పు ఒడ్డు నుంచి రష్యా రైలు మార్గం వేయడం 1880లో మొదలైంది. 1888కల్లా అది సమర్‌ఖండ్ చేరింది. తివాచీలు బయటి మార్కెట్‌కు వెళ్లడం, చవక రంగులు లోపలికి రావడం ఆ రోజుల్లోనే జోరందుకున్నాయి. కాబట్టి రసాయన రంగు ఒక్కటి దొరికినా '1850 నాటిది' అన్న మాట అక్కడితో తేలిపోయినట్టే. నేల మీద వేసుకునే తివాచీకి రసాయన రంగు పాపమేమీ కాదు. ధర మాత్రం దానికి తగ్గట్టు ఉండాలి.

ఎలా చూడాలంటే: పైల్‌ను వేళ్లతో చీల్చి మొదలు నుంచి కొస దాకా టార్చి వేయండి. సహజ రంగు వెలిస్తే పైకి వచ్చేకొద్దీ మెల్లగా పల్చబడుతుంది. మొదట్లో ముదురు ఊదా, కొసల్లో బూడిద రంగుంటే అది ఫుక్సిన్ అనే తొలినాటి రసాయన రంగు అయ్యుంటుంది. చుట్టూ అన్నీ చల్లబడినా ఒక్క నారింజ మాత్రం మండుతున్నట్టుంటే అదీ రసాయనమే కావచ్చు. కొసల మీద మాత్రమే రంగుండి, కింద వేరేలా ఉంటే పైన పూత పూశారు.

తర్వాత తడి పరీక్ష. తెల్ల గుడ్డను తడిపి గట్టిగా పిండి, ఒక్కో రంగు మీద అర నిమిషం అదిమి పట్టి, కొంచెం రుద్దండి. ముదురు ఎరుపు, నారింజ, నలుపు మీద తప్పకుండా చేయండి, వెనక వైపు కూడా. గుడ్డకు మట్టి రంగు అంటితే అది మురికి. గులాబీ రంగు అంటితే ఆ తివాచీ కడిగిన రోజు తెల్ల భాగాల్లోకి రంగు దిగుతుంది. ఇప్పటికే ఎరుపు పక్కన తెలుపు గులాబీగా మారిందేమో కూడా చూడండి.

అరిగిన చోట్ల తడి ఇయర్ బడ్ రాయండి. పడుగు బయటపడిన చోట మార్కరుతో ఎర్ర రంగు పూసి కప్పేయడం ఈ వ్యాపారంలో రోజూ జరిగేదే. బడ్ ఎర్రబడితే మీ చేతిలో సాక్ష్యం ఉన్నట్టే.

ఇంకో రెండు మోసాలు. ముందు వైపు బంగారు రంగు, వెనక ఎరుపు: బ్లీచ్ చేసిన అఫ్ఘాన్ తివాచీ. దాని ఉన్ని పెళుసుబారి త్వరగా రాలుతుంది. తెల్ల భాగాలూ కుచ్చులూ అన్నీ ఒకే మట్టి ఛాయలో ఉంటే: పాతగా కనిపించడానికి టీలాంటి దానిలో ముంచారు. నేత లోపల దాగిన పడుగు తెల్లగా, బయట కుచ్చు ఖాకీగా ఉందేమో చూస్తే తెలిసిపోతుంది.

ఒకే ఎరుపు అడ్డపట్టీలుగా కొంచెం ముదురు, కొంచెం లేతగా మారడం మాత్రం లోపం కాదు. దాన్ని అబ్రాష్ అంటారు. ఒకసారి అద్దిన ఉన్ని అయిపోయి, ఇంకోసారి అద్దిన ఉన్నితో నేయడం వల్ల వస్తుంది. అది చూపించి బేరమాడితే అమ్మేవాడు లోపల నవ్వుకుంటాడు.

5. దెబ్బలు వెతకండి

ఇద్దరు పట్టుకుని కిటికీకి అడ్డంగా ఎత్తండి, చిల్లులన్నీ వెలుగుతాయి. తర్వాత నేల మీద బోర్లా వేసి అరచేతితో వెనకంతా తడమండి. గట్టిగా ఎత్తుగా తగిలినచోట రఫూ చేశారు. రఫూ ఉండటం తప్పు కాదు. చెప్పకపోవడం తప్పు.

తడికి కుళ్లిన చోటు కంటికి కనపడదు, చెవికి వినపడుతుంది. అనుమానమున్న చోట, ముఖ్యంగా పూలకుండీ పెట్టినట్టు గుండ్రటి మరక ఉన్నచోట, రెండు చేతులతో పట్టుకుని చెవి దగ్గర మెల్లగా మడవండి. పటపటమని చిన్న చప్పుడు వస్తే పడుగు తెగుతోందని అర్థం. దానికి మందు లేదు, వదిలేయండి. గట్టిగా మడవకండి, తెగితే బాధ్యత మీ మీద పడుతుంది.

ఉన్ని తినే పురుగు ఎక్కువగా సోఫా కింద ఉండిపోయిన మూలల్లో, మడతల్లో ఉంటుంది. తెల్లటి బూజులాంటి సన్నటి గొట్టాలు, ఇసుక రేణువుల్లాంటి మలం, వెనక పేక తిని పోయిన గీతలు దాని గుర్తులు. తివాచీని తెల్ల కాగితం మీద దులిపి ఏం రాలిందో చూడండి. వాసన కూడా పట్టండి: ముక్కిన వాసన, మూత్రం వాసన ఒక్క ఉతుకుతో పోవు.

చివర నేసిన చదును పట్టీలు, పక్క అంచులు పోవడం పాతవాటిలో మామూలే. అంచు కుట్టించి ఆపడానికి పెద్దగా ఖర్చుండదు. పోయిన పైల్‌ను ముడులు వేసి నింపడం చాలా ఖర్చు. అరచేయంత చోటు నింపే ఖర్చు విని ఆశ్చర్యపోయేవాళ్లు ఎక్కువ కాబట్టి, కొనే ముందే ఫొటోలు పంపి బాగుచేసేవాళ్ల దగ్గర అంచనా తీసుకోండి.

6. కోసి అతికారేమో చూడండి

వెడల్పు మూడు చోట్ల, పొడవు మూడు చోట్ల కొలవండి. చేతి నేతలో 3–5 సెం.మీ. తేడా సహజం. నాలుగు వైపులా అంచు డిజైన్ ఉందా? గుల్‌ల నిలువు వరసలు లెక్కించండి: తెకె పెద్ద తివాచీల్లో తరచూ నాలుగు వరసలు, వరసకు పది గుల్‌లు కనిపిస్తాయి. ఏడో గుల్ తర్వాత అకస్మాత్తుగా అంచు వస్తే, వెనక ఆ గీత వెంబడి వేలు పోనిచ్చి చూడండి. పాడైన ముక్క తీసేసి అతికిన కుట్టు అక్కడే దొరుకుతుంది. పక్కల్లో గుల్ సగం తెగి కనిపించడం మాత్రం కోత కాకపోవచ్చు, అలా నేయడమూ ఉంది.

7. ఫొటోలు చూసి కొంటే

ఈ వరసలో అడగండి: పగటి వెలుతురులో పూర్తి ముందు వైపు, పూర్తి వెనక వైపు, నాలుగు మూలలు రెండు వైపులా, వెనక స్కేలు పెట్టి దగ్గరగా, పైల్ చీల్చి మొదలు కనిపించేలా, రెండు చివరలు, అన్నిటికంటే అరిగిన చోటు. ప్రతి ఫొటోలో ఒక మూల తెల్ల కాగితం ఉంచమనండి. ఆ కాగితం పసుపుగా కనిపిస్తే ఎరుపును నమ్మకండి. పొడవు రెండు చివరల నుంచీ వీడియో కూడా కావాలి. పైల్ వాలు వల్ల ఒక చివర నుంచి లేతగా, ఇంకో చివర నుంచి ముదురుగా కనిపిస్తుంది. అందమైన వైపు మాత్రమే పంపడం అందరూ చేసే పనే.

వాపసు ఇచ్చే గడువు, వాపసు రవాణా ఎవరి ఖర్చో రాతపూర్వకంగా తీసుకోండి. వేలంలో అయితే ఆఖరి పాట మీద 20–30 శాతం దాకా ప్రీమియం (వేలం సంస్థ తీసుకునే రుసుము), దాని మీద పన్ను పడొచ్చు. తివాచీ ఏ స్థితిలో ఉందో చెప్పే కండిషన్ రిపోర్టు వేలానికి ముందే అడగండి.

8. కాగితాలు

బిల్లు మీద 'బుఖారా తివాచీ' అని ఒక్క ముక్క రాస్తే ఒప్పుకోకండి. తెగ, నేసిన దేశం, సుమారు కాలం, కొలత, పడుగు ఏ పోగు, చేసిన మరమ్మతులు అన్నీ రాయించండి. రాయమనగానే 'వందేళ్లు' కాస్తా 'యాభై అరవై' అవ్వడం చాలా సార్లు జరుగుతుంది. ఆ తగ్గిన అంకెతోనే బేరం మొదలుపెట్టండి.

కస్టమ్స్‌లో ముడి వేసిన తివాచీలు 5701 కోడ్ కింద, వందేళ్లు దాటిన పురావస్తువులు 9706 కింద వస్తాయి. రెంటికీ పన్ను వేరు. ఏ కోడ్ వేస్తున్నారో పంపేవాణ్ని ముందే అడగండి. వయసు నిరూపించే కాగితం లేకుండా రెండోది వాడితే ఇబ్బంది మీకే.

తుర్క్‌మెనిస్తాన్ నుంచి తివాచీ బయటికి తేవాలంటే అష్గాబాత్ తివాచీల మ్యూజియం నిపుణుల ధ్రువపత్రం కావాలి. ఇరాన్‌లో నేసినదాన్ని అమెరికాకు దిగుమతి చేసుకోవడాన్ని అక్కడి ఆంక్షలు 2018లో మళ్లీ అడ్డుకున్నాయి. యోముత్ తివాచీల్లో ఇరాన్‌వి చాలా ఉంటాయి కాబట్టి అక్కడుండే మనవాళ్లు కొనే రోజున నిబంధన సరిచూసుకోవాలి. ఇక హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో కొని విదేశాలకు పట్టుకెళ్లాలనుకుంటే: 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన వస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. అంత పాతది కాకపోయినా పాతదిలా కనిపిస్తే, అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ దగ్గర పత్రం తీసుకున్నాకే ప్యాక్ చేయండి.

9. ఇంటికి వచ్చాక

నేరుగా హాల్లో పరవకండి. రెండు వారాలు మిగతా ఉన్ని బట్టలకు దూరంగా ఉంచండి. చిన్న ముక్క అయితే పాలిథిన్‌లో చుట్టి, గాలి తీసేసి, టేపు వేసి –18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు పెట్టండి. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పకండి, లేకపోతే గాలిలో తడి తివాచీ మీద పేరుకుంటుంది. పెద్దదైతే రెండు వైపులా వాక్యూమ్ చేసి, చేతితో ఉతికే తివాచీ నిపుణుడికి ఇవ్వండి. మామూలు డ్రై క్లీనింగ్ షాపుకు ఇవ్వొద్దు.

కలరా ఉండలు నాలుగు మూలలా పెడితే చాలనుకోవడం పెద్ద పొరపాటు. గాలి ఆడే గదిలో వాటి వాసన మనకు తలనొప్పి తెస్తుంది తప్ప పురుగును చంపదు.

మన ఇళ్లలో అసలు ప్రమాదం నేల తుడవడం. తడి నేల ఆరకముందే తివాచీ దించేస్తే, విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో వానాకాలం గడిచేసరికి వెనక బూజు పడుతుంది. తుడిచిన రోజు తివాచీ చుట్టి ఉంచి, నేల పూర్తిగా ఆరాకే పరవండి. కింద ఫెల్ట్ ప్యాడ్ వేయండి, నాలుగు వైపులా 2–3 సెం.మీ. లోపలికి ఉండేలా. పీవీసీ ప్యాడ్లు ఎండాకాలం కరిగి అంటుకుంటాయి.

వాక్యూమ్‌లో తిరిగే బ్రష్ ఆపేయండి, కుచ్చుల మీదకు పోనివ్వకండి. గోడకు కట్టేవాటికి మేకులు, క్లిప్పులు వద్దు. నూలు పట్టీ మీద వెల్క్రో కుట్టి, ఆ పట్టీని పై అంచు వెనక పడుగు పోగుల మధ్య నుంచి నూలు దారంతో కుట్టించండి, బరువు అంతటా సమంగా పడుతుంది. వానకు చెమ్మ ఎక్కే బయటి గోడ, మధ్యాహ్నం ఎండ పడే గోడ రెండూ వద్దు.

మొదటి ఏడాది నెలకోసారి సోఫా కింద ఉన్న భాగం ఎత్తి, టార్చి వేసి వెనక వైపు చూడండి. ఆరు నెలలకోసారి తివాచీ ఒక చివర ఇంకో చివర ఉన్నచోటికి వచ్చేలా తిప్పి వేయండి.